నలుగురికి వండి, నలుగురితో కలిసి తినడం ఎలా

ఇంటికి నలుగురిని భోజనానికి పిలిచిన రోజున చాలామంది ఒకే రకమైన ఇబ్బందిలో పడతారు. వచ్చినవారు ముందు గదిలో కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. పిలిచినవారు మాత్రం పొయ్యి దగ్గర నాలుగు గిన్నెల మధ్య సతమతమవుతూ, అందరూ తినడం ముగించే వేళకు చల్లారిన పళ్లెం ముందు ఒంటరిగా కూర్చుంటారు. వంట బాగానే కుదిరి ఉండవచ్చు, మెచ్చుకోలు కూడా దక్కి ఉండవచ్చు, కానీ కలిసి తినాలన్న అసలు కోరిక తీరకుండానే ఆ పూట గడిచిపోతుంది. కాబట్టి ఇక్కడ చెప్పబోయే పద్ధతి అంతటికీ ఒకే షరతు పెట్టుకుందాం: అతిథులు మొదటి ముద్ద తీసుకునే సమయానికి వండినవారు కూడా వారి పక్కన కూర్చొని ఉండాలి. ఏయే వంటకాలు చేయాలి, ఎంత చేయాలి, ఏ పని ఎప్పుడు ముగించాలి అన్న ప్రతి నిర్ణయాన్నీ ఈ షరతుతోనే సరిచూసుకోవాలి. దానికి అడ్డు వచ్చే వంటకం ఎంత గొప్పదైనా ఆ పూటకు పక్కన పెట్టవలసిందే.

ఎంతమందిని పిలవాలి

ఇలా పిలవడం అలవాటు లేనివారు ఇద్దరు ముగ్గురితో మొదలుపెట్టి, చెయ్యి తిరిగిన తరువాత ఆరుగురు, ఎనిమిది మంది దాకా వెళ్లడం మంచిది. మంది పెరిగే కొద్దీ వంట బరువెక్కుతుందని అందరికీ తెలుసు. సంభాషణ స్వభావం కూడా మారుతుందని మాత్రం అంతగా గమనించరు. దానంతట అదే సాగే ఒక సంభాషణలో నిలవగలిగేది సుమారు నలుగురేనని, అంతకు మించితే అది రెండుగా చీలిపోతుందని పరిణామ మనస్తత్వవేత్త రాబిన్ డన్‌బార్, ఆయన సహచరులు 1990లలో చేసిన పరిశీలనలలో తేలింది. వంటింటి లెక్కలో దీనికి చోటు ఉంది. ఐదుగురు కూర్చున్నచోట ఒకరు మాటల్లోంచి జారిపోయి మౌనంగా తినే అవకాశం ఎక్కువ. ఆరుగురైతే ముగ్గురు ముగ్గురుగా, ఎనిమిది మందైతే నలుగురు నలుగురుగా సర్దుకుంటారు. మాట కలపడంలో చొరవ ఉన్నవారిని రెండు వైపులా ఒక్కొక్కరిగా, మొహమాటస్తులను చివరన కాకుండా మధ్యలో కూర్చోబెడితే ఈ చీలిక వల్ల ఎవరూ ఒంటరి కారు.

డన్‌బార్ 2017లో ప్రచురించిన మరో అధ్యయనంలో, ఇతరులతో కలిసి తరచుగా భోజనం చేసేవారు తమ జీవితం పట్ల ఎక్కువ తృప్తిని, కష్టంలో ఆదుకునే మిత్రులు తమకు ఎక్కువమంది ఉన్నారన్న నమ్మకాన్ని వ్యక్తం చేశారు. పక్కవారితో మరింత దగ్గరితనం కలిగించిన రాత్రి భోజనాల్లో నవ్వులు, పాత జ్ఞాపకాలు నెమరువేసుకోవడం ఎక్కువగా కనిపించాయి. గృహస్థులు దీన్ని గుర్తుంచుకోవడం ఎందుకంటే, నవ్వడానికీ జ్ఞాపకాలు తవ్వుకోవడానికీ తీరిక కావాలి, వంటింట్లో చిక్కుకున్న మనిషికి ఆ తీరిక దొరకదు.

పిలుపుతో పాటు అడగవలసిన మాట

పిలిచేటప్పుడే "మీరు తినకూడనివి, తిననివి ఏమైనా ఉన్నాయా?" అని సూటిగా అడగాలి. ఈ ప్రశ్నకు వచ్చే జవాబులు మూడు రకాలుగా ఉంటాయి, మూడింటినీ ఒకే గాటన కట్టకూడదు. మొదటిది ఇష్టాయిష్టం: వంకాయ నచ్చనివారు వంకాయ లేని మరో కూరతో హాయిగా తినగలరు. రెండోది నియమం: మాంసం తిననివారికి, ఫలానా పదార్థాన్ని విశ్వాసం వల్ల వదిలినవారికి, ఆ పదార్థం తాకిన గరిటెతో వడ్డించినా అది అవమానమే అవుతుంది. మూడోది అలర్జీ, ఇక్కడ పొరపాటుకు తావు ఉండకూడదు. వేరుశనగ, జీడిపప్పు, బాదం వంటి గింజలు, పాలు, గుడ్లు, చేపలు, రొయ్యలు, గోధుమ, సోయా, నువ్వులు తీవ్రమైన అలర్జీకి ఎక్కువగా కారణమయ్యే పదార్థాలు. అలర్జీ తీవ్రంగా ఉన్నవారికి గరిటెకు అంటిన కొద్దిపాటి పొడి కూడా ప్రమాదం తేవచ్చు; ఉడికించినంత మాత్రాన ఆ గుణం పోతుందని అనుకోకూడదు. అటువంటి అతిథి వస్తున్నప్పుడు ఆ పదార్థాన్ని ఆ పూట వంటింట్లోకే రానివ్వకపోవడం అన్నిటికన్నా తేలికైన మార్గం. కొన్న పొడులు, సాస్‌ల పొట్లాల మీది వివరాలను చదివి, వారు అడిగితే చూపించడానికి వీలుగా ఆ పొట్లాలను పారేయకుండా ఉంచాలి.

ఒకరికి పడని పదార్థం ఉన్నప్పుడు వారికి విడిగా ఒక చిన్న గిన్నెలో ఏదో వండి పెట్టడం చాలామంది చేసే పని. అందరూ ఒకటి తింటూ తాను మరొకటి తినడంలో, రోగికి పథ్యం పెట్టినట్టు, ఒక రకమైన వెలితి ఉంటుంది. ప్రధాన వంటకాన్ని అందరూ తినగలిగేలా ఎంచుకొని, మాంసం, వెన్న, జున్ను, గింజలు వంటి వాటిని విడి గిన్నెల్లో పెట్టి ఎవరికి కావలసింది వారు కలుపుకొనేలా చేస్తే ఆ వెలితి ఉండదు, పొయ్యి మీద గిన్నెల సంఖ్య కూడా తగ్గుతుంది. అలర్జీ కలిగించే పదార్థాన్ని మాత్రం ఇలా విడిగా కూడా పెట్టకూడదు.

వంటకాల ఎంపిక

వంటకాలను రుచిని బట్టి ఎంచుకోవడం సహజమే, కానీ విందుకు మరో లెక్క కూడా చూసుకోవాలి: ఏ వంటకం ఎంతసేపు ఆగగలదు? కొన్ని పొయ్యి దిగిన క్షణం నుంచే దిగజారడం మొదలుపెడతాయి. నూనెలో వేయించినవి పావుగంటలో మెత్తబడతాయి, పాస్తా ఒకదానికొకటి అంటుకుంటుంది, ఆకుకూరలు రంగు మారతాయి. మరికొన్ని ఆగే కొద్దీ బాగుపడతాయి. ముక్కలను నీటిలో సన్నని సెగ మీద చాలాసేపు ఉడికించి చేసే చిక్కని కూరలు, పప్పుగింజల కూరలు, మాంసం కూరలు మరునాటికి రుచి పెరుగుతాయనడంలో అతిశయోక్తి లేదు: చల్లారే సమయంలో ఉప్పు, కారం, సుగంధాలు ముక్క లోపలికి ఇంకుతాయి, మాంసంలోని కొలాజెన్ అనే గట్టి ప్రోటీన్ నెమ్మదిగా కరిగి ఏర్పడిన జెలటిన్ అనే జిగురు పదార్థం రసాన్ని చిక్కబరుస్తుంది.

అందుకని విందులో ప్రధాన వంటకం ముందురోజే వండిపెట్టగలిగినదై ఉండాలి. దానికి తోడు పొయ్యి అవసరం లేని చల్లని వంటకం ఒకటి, పచ్చి కూరగాయల ముక్కలో పండ్లో పెరుగుతో కలిపినదో ఏదైనా కావచ్చు. కడుపు నింపే అన్నం, రొట్టె, బంగాళాదుంపల వంటిది ఒకటి. ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టిన తీపి ఒకటి. అప్పటికప్పుడు చేయవలసినది అన్నీ కలిపి ఒకటికి మించకూడదు. ఈ నియమాన్ని గట్టిగా పాటించమని చెబుతాను, ఎందుకంటే విందు వంటలు తలకిందులయ్యేది దాదాపు ఎప్పుడూ ఇక్కడే: చివరి పది నిమిషాల్లో చేయవలసినవి రెండు ఉన్నప్పుడు ఒకటి మాడుతుంది, మరొకటి చల్లారుతుంది.

జాబితా రాసుకున్న తరువాత ఇంట్లో ఉన్న బర్నర్లను, పెద్ద గిన్నెలను లెక్కపెట్టి చూడండి. రెండు బర్నర్ల పొయ్యి మీద ఒకేసారి మూడు వంటకాలు వేడిగా దిగవు. అతిథుల మీద కొత్త వంటకం ప్రయోగించకూడదని పెద్దలు చెప్పే మాటను నేను సగమే ఒప్పుకుంటాను. ప్రధాన వంటకం తెలిసినదే కావాలి. పక్కన పెట్టే చిన్న వంటకం కొత్తదైతే, అది చెడినా భోజనం ఆగదు, కుదిరితే మాట్లాడుకోవడానికి ఒక విషయం దొరుకుతుంది.

ఎంత వండాలి

ఒక్కొక్కరికి పొడి బియ్యం 75 నుంచి 100 గ్రాములు, పొడి పాస్తా అయితే 80 నుంచి 100 గ్రాములు, ఎండు చిక్కుళ్లు, శనగల వంటివి ప్రధాన వంటకమైతే 60 గ్రాములు, ఎముక లేని మాంసం 150 నుంచి 200 గ్రాములు, కూరగాయలన్నీ కలిపి 200 గ్రాముల చొప్పున లెక్క వేసుకుంటే సరిపోతుంది. బియ్యం ఉడికితే రెండున్నర నుంచి మూడు రెట్లు బరువెక్కుతుంది, ఎండు గింజలు రెండు రెట్లకు కాస్త పైన. వంటకాల సంఖ్య పెరిగితే ఒక్కో వంటకం నుంచి తీసుకునేది తగ్గుతుంది కాబట్టి నాలుగు వంటకాలకూ పూర్తి లెక్క వేయకూడదు. ప్రధాన వంటకానికి పూర్తిగా, మిగిలిన వాటికి సగం సగం చాలు.

అయితే మనుషులు ఒంటరిగా తిన్నప్పటికంటే తెలిసినవారితో కలిసి తిన్నప్పుడు ఎక్కువ తింటారు. జాన్ డి కాస్ట్రో అనే పరిశోధకుడు 1980ల చివరి నుంచి, జనం స్వయంగా రాసుకున్న ఆహారపు దినచర్యల ఆధారంగా ఈ విషయాన్ని పలుమార్లు చూపించాడు. ఎక్కువసేపు కూర్చోవడమే దీనికి ప్రధాన కారణమని ఆయన వివరణ. దగ్గరివారు వస్తున్నప్పుడు లెక్కకు పైన ఇంకొకరికి సరిపడా వండండి. కొత్తగా పరిచయమైనవారు మొహమాటంతో తక్కువ తింటారు కాబట్టి వారికి అసలు లెక్క చాలు. తక్కువ పడుతుందేమోనన్న భయంతో రెట్టింపు వండేవారు చాలామందే ఉన్నారు. ఆ భయానికి మందుగా ప్రధాన వంటకాన్ని పెంచకుండా, రొట్టె, పండ్లు, పెరుగు వంటి వండక్కరలేని వాటిని అదనంగా తెచ్చిపెట్టుకోవాలి. మిగిలినా అవి పాడుకావు.

పెద్ద గిన్నెలో మారిపోయే లెక్కలు

ఇద్దరికి వండే వంటకాన్ని ఎనిమిది మందికి వండాలంటే అన్నిటినీ నాలుగు రెట్లు చేస్తే సరిపోతుందని అనిపిస్తుంది. ముక్కలు, గింజలు, మాంసం విషయంలో అది నిజమే. నీరు, నూనె, కారం, సమయం మాత్రం ఆ లెక్కకు లొంగవు, విందు వంట చెడడానికి ఇదే పెద్ద కారణం కాబట్టి దీన్ని కాస్త వివరంగా చూడాలి.

నీటి సంగతి అన్నంతోనే తెలుసుకోవచ్చు. బియ్యం పీల్చుకునే నీరు బియ్యంతో పాటే పెరుగుతుంది, కానీ ఆవిరైపోయే నీరు గిన్నె మూతి వెడల్పును, ఉడికే సమయాన్ని బట్టి ఉంటుంది. ఒక గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీరు పోసేవారి లెక్కలో చాలా భాగం ఆవిరికే పోతుంది. నాలుగు గ్లాసుల బియ్యానికి ఆవిరి నాలుగింతలు కాదు. అక్కడ ఎనిమిది గ్లాసులు పోస్తే అన్నం ముద్దవుతుంది. ఆరు గ్లాసులతో మొదలుపెట్టి, చివర్లో చాలకపోతే కాసిని వేడినీళ్లు చల్లి మూతపెట్టడం క్షేమం. కూరల్లో కూడా ఇంతే: పెద్ద గిన్నెలో రసం త్వరగా ఇంకదు కాబట్టి మొదట్లో నీరు తగ్గించి పోయాలి, తరువాత చేర్చడం ఎప్పుడైనా సాధ్యమే.

వేయించడంలో తేడా ఇంకా ఎక్కువ. ఉల్లిపాయలకు, మాంసానికి ఎర్రని రంగు, కమ్మని వాసన వచ్చేది చక్కెరలకూ ప్రోటీన్ అంశాలకూ మధ్య జరిగే ఒక చర్య వల్ల. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త లూయీ కామిల్ మైయార్ 1912లో వర్ణించిన ఈ చర్య సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు వేగం పుంజుకుంటుంది. బాణలిలో నీరు ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. రెండు కిలోల ముక్కలను ఒకేసారి బాణలిలో పోస్తే అవి వదిలిన నీటిలోనే అవి ఉడుకుతాయి తప్ప వేగవు. గంట గడిచినా పాలిపోయి ఉంటాయి. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా, ఒక వరుస మాత్రమే పట్టేంత వేసి, రెండు మూడు విడతలుగా వేయించి, తరువాత అన్నిటినీ పెద్ద గిన్నెలోకి చేర్చాలి. విడతలుగా వేయించడం సమయం తినేస్తుందని అనిపించినా, అన్నీ ఒకేసారి వేసి నీరు ఇంకే దాకా ఎదురుచూడడం కంటే ఇదే త్వరగా ముగుస్తుంది. ఉల్లిపాయలను ముదురు బంగారు రంగు వచ్చేదాకా నెమ్మదిగా మగ్గించవలసి వస్తే దానికే ముప్పావు గంట పడుతుంది, వంటల పుస్తకాలు పది నిమిషాలని రాసినా నమ్మకండి.

నూనె నాలుగు రెట్లు అక్కరలేదు, గిన్నె అడుగు పల్చగా తడిస్తే చాలు. కారం, మిరియాలు, లవంగాల వంటి ఘాటైన దినుసులను లెక్క ప్రకారం పడవలసిన దానిలో మూడు వంతుల దగ్గర ఆపి, రుచి చూసి పెంచాలి. కలిపాక తీసేయడానికి దారి లేదు. ఉప్పు మాత్రం పరిమాణంతో పాటు పెరుగుతుంది: పూర్తయిన కిలో కూరకు 8 నుంచి 10 గ్రాములు, అంటే మెత్తని ఉప్పు చిన్న చెంచాతో తలగొట్టి ఒకటిన్నర చెంచాలు, చాలామంది నాలుకకు సరిపోతుంది. అందులో సగం మొదట్లో, సగం చివర్లో వేయాలి, ఎందుకంటే రసం ఇంకే కొద్దీ ఉప్పదనం పెరుగుతుంది. ఉప్పు ఎక్కువైన కూరలో బంగాళాదుంప వేస్తే అది ఉప్పును లాగేస్తుందన్న నమ్మకం బలంగా ఉంది. దుంప పీల్చుకునేది ఉప్పు కలిసిన రసాన్నే, మిగిలిన రసం అంతే ఉప్పగా ఉంటుంది. ఉప్పు వేయకుండా ఉడికించిన కూరగాయలో గింజలో నీళ్లో చేర్చి పలచబరచడం ఒక్కటే పనిచేసే ఉపాయం.

ఇక సమయం. నీరు రెట్టింపైతే అదే మంట మీద మరగడానికి పట్టే సమయం దాదాపు రెట్టింపవుతుంది, మరిగిన తరువాత ముక్క ఉడకడానికి పట్టే సమయం మాత్రం మారదు. పెద్ద గిన్నె అడుగంటే ప్రమాదం కూడా ఎక్కువే కాబట్టి మందపాటి అడుగు ఉన్నది వాడాలి, మూడు వంతులకు మించి నింపకూడదు. ఒకవేళ అడుగంటితే గరిటెతో గీకకండి. పైనున్నదంతా మరో గిన్నెలోకి ఒంపి రుచి చూస్తే, చాలాసార్లు మాడు వాసన లేకుండా బయటపడుతుంది.

గడియారాన్ని వెనక్కి తిప్పి రాసుకోవడం

విందు పనిని మొదటి నుంచి చివరికి కాకుండా, చివరి నుంచి మొదటికి రాసుకోవాలి. రాత్రి 8 గంటలకు భోజనం అనుకుంటే, 7:30 నుంచి 8 వరకు ఖాళీ అని ముందే కాగితం మీద రాసేయాలి. ఆ అరగంటలో పని ఏదీ పెట్టుకోకూడదు. స్నానం చేసి, బట్టలు మార్చుకొని, ముందుగా వచ్చినవారిని పలకరించడానికి అది ఉద్దేశించినది, ఏదైనా ఆలస్యమైతే సర్దుకోవడానికి కూడా అదే దిక్కు. 7 గంటలకు అన్నం పొయ్యి ఎక్కించి, దిగిన తరువాత మూత తీయకుండా గుడ్డ చుట్టి ఉంచితే అరగంట పైగా వేడి నిలుస్తుంది. 6:30కి ఫ్రిజ్‌లోని ప్రధాన వంటకం బయటికి తీసి సన్నని సెగ మీద వేడి చేయడం మొదలుపెట్టాలి. 5 గంటలకు కూరగాయల ముక్కలు సిద్ధం, పళ్లేలు, గ్లాసులు, వడ్డించే గరిటెలు అమర్చడం. ముందురోజు సాయంత్రం ప్రధాన వంటకం, తీపి. అంతకు ముందురోజు రాత్రి గింజలు నానబెట్టడం. సరుకులు దానికి ఒక రోజు ముందు.

పళ్లేలు, గరిటెలు ముందే అమర్చుకోవడం అల్పమైన పనిలా కనిపిస్తుంది, కానీ వడ్డించే వేళ గరిటె కోసం వెతుక్కోవడంలో పోయే సమయాన్ని చూసినవారు దాన్ని తేలిగ్గా తీసుకోరు. ఏ వంటకం ఏ గిన్నెలోకి వెళ్తుందో ఖాళీ గిన్నెలు వరుసగా పెట్టి చూసుకుంటే, తక్కువ పడే గిన్నె ఏదో మధ్యాహ్నమే తెలిసిపోతుంది. తరిగే పలక కింద తడిగుడ్డ పరిస్తే జారదు. పచ్చి మాంసానికి విడి పలక, విడి కత్తి ఉంచాలి.

జాగ్రత్త తప్పకూడని చోట్లు

ఒక ఇంట్లో నలుగురికి చేసిన వంటలో పొరపాటు జరిగితే నలుగురు మంచాన పడతారు. కాబట్టి రుచి విషయంలో ఉదారంగా ఉన్నా, కొన్ని అంకెల విషయంలో మొండిగా ఉండాలి. సుమారు 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిలో బ్యాక్టీరియా వేగంగా పెరుగుతుంది, అనుకూలమైన పరిస్థితుల్లో 20 నిమిషాలకే రెట్టింపు కాగలదు. వండిన ఆహారం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, 32 డిగ్రీలు దాటిన ఎండ వేళల్లో ఒక గంటకే పరిమితం చేయాలి. వాసన బాగుంటే ఆహారం బాగున్నట్టేనని అనుకోవడం సరికాదు, జబ్బు తెచ్చే బ్యాక్టీరియా చాలాసార్లు వాసననూ రుచినీ మార్చదు.

ముందురోజు వండిన పెద్ద గిన్నెను అలాగే ఫ్రిజ్‌లో పెట్టకూడదు. దాని నడిమి భాగం గంటల తరబడి గోరువెచ్చగానే ఉండిపోతుంది. రెండంగుళాల లోతు మించని వెడల్పు గిన్నెల్లోకి పంచి, ఆవిరి తగ్గగానే 4 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ వేడిలో ఉన్న ఫ్రిజ్‌లో పెట్టాలి. మళ్లీ వేడి చేసేటప్పుడు నడిమి భాగం 74 డిగ్రీలకు చేరాలి, అంటే మొత్తం కుతకుత ఉడికి పొగలు రావాలి. కోడి మాంసం మొదటిసారి వండేటప్పుడు కూడా ఇదే అంకె. పచ్చి కోడి మాంసాన్ని కుళాయి కింద కడగడం మానేయడమే మేలు, ఆ తుంపరలతో సూక్ష్మజీవులు చుట్టుపక్కలంతా పడతాయి. ఉడికించినప్పుడు అవి ఎలాగూ చస్తాయి.

అన్నానికి ప్రత్యేకమైన ప్రమాదం ఒకటి ఉంది. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. అన్నం గది వేడిలో ఎక్కువసేపు ఉంటే అవి మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. అందుకే అన్నాన్ని ఉదయమే వండి రాత్రి దాకా బయట ఉంచకూడదు. ఎర్ర రాజ్మా గింజల్లో ఉండే విషపదార్థం సంగతి కూడా తెలిసి ఉండాలి: వాటిని కనీసం 5 గంటలు నానబెట్టి, ఆ నీరు పారబోసి, కొత్త నీటిలో తెర్లుతూ ఉండగా కనీసం 10 నిమిషాలు, నిశ్చింత కోసం అరగంట, ఉడికించాలి. మరగనివ్వకుండా సన్నని వేడి మీద నెమ్మదిగా ఉడికిస్తే అవి పచ్చి గింజలకంటే ఎక్కువ హాని చేయవచ్చు.

సాయానికి వచ్చిన చేతులు

"ఏమైనా సాయం చేయనా?" అని అతిథి అడిగినప్పుడు "వద్దు వద్దు, మీరు కూర్చోండి" అనడం మర్యాదగా అనిపించవచ్చు. నా ఉద్దేశంలో ఆ మర్యాద వచ్చినవారిని కాస్త దూరమే పెడుతుంది. ముందుగా వచ్చినవారికి, ముఖ్యంగా ఎవరితోనూ పెద్దగా పరిచయం లేనివారికి, చేతికి ఏదో ఒక పని దొరికితే బెరుకు పోతుంది. ఆ పని చిన్నదిగా, స్పష్టంగా ఉండాలి: నిమ్మకాయలు కోయడం, కొత్తిమీర తుంచడం, గ్లాసుల్లో నీళ్లు నింపడం, గిన్నెలు బల్ల మీదికి చేర్చడం. పదునైన కత్తి, మరిగే నూనె ఉన్న పనులు ఇంటివారే చూసుకోవాలి. పిల్లలకు పళ్లెం పక్కన చేతిగుడ్డ మడిచి పెట్టే పని ఇస్తే వారు దాన్ని పెద్దలకంటే శ్రద్ధగా చేస్తారు.

తలా ఒక వంటకం తెచ్చుకొని కలిసి తినే పద్ధతి కూడా మంచిదే, అందరి భారమూ తగ్గుతుంది. అయితే ఎవరేం తేవాలో ఒకరు పంచకపోతే మూడు తీపులు, రెండు అప్పడాల డబ్బాలు చేరి, అసలు భోజనం ఉండదు. ప్రధాన వంటకం, అన్నం లేదా రొట్టె పిలిచినవారు చూసుకొని మిగిలినవి అప్పగించడం తేలిక. తెచ్చేవారికి రెండు మాటలు ముందే చెప్పాలి: మీ వంటకానికి ఇక్కడ పొయ్యి దొరకదు కాబట్టి చల్లగానో గది వేడిలోనో తినగలిగినది తెండి, అందులో ఏమేం వేశారో ఒక చీటీ మీద రాసి తెండి. చల్లని వంటకం బల్ల మీదికి చేరేదాకా ఫ్రిజ్‌లోనే ఉండాలి.

కూర్చున్న తరువాత

ఆకలితో వచ్చినవారు ఆలస్యాన్ని ఓర్చుకోలేరు. వచ్చీరాగానే అందుకునేలా పండ్ల ముక్కలో వేయించిన గింజలో కొద్దిగా పెట్టి ఉంచితే, భోజనం అరగంట ఆలస్యమైనా ఎవరూ గమనించరు. ఎక్కువ పెడితే మాత్రం అసలు భోజనం పక్కన పడిపోతుంది. ఆలస్యం తప్పదనుకుంటే దాచకుండా "ఇంకో ఇరవై నిమిషాలు" అని చెప్పేయాలి.

గిన్నెలన్నీ బల్ల మధ్యలో పెట్టి, ఒక్కో గిన్నెకు ఒక్కో గరిటె ఉంచి, ఎవరికి వారు వడ్డించుకొని పక్కవారికి అందించే పద్ధతిని మొదట ఎంచుకోండి. అలా అందించుకోవడంలోనే కొత్తవారి మధ్య మాట కలుస్తుంది, ఇంటివారు లేచి తిరగవలసిన అవసరం పోతుంది. నీళ్ల కూజా, ఉప్పు, మిరియాల పొడి, చేతిగుడ్డలు చేతికందేలా ఉండాలి, లేకపోతే ప్రతి రెండు నిమిషాలకూ ఎవరో ఒకరు లేవవలసి వస్తుంది. వేడిగా తినవలసిన వాటిని పెట్టే గిన్నెల్లో ముందుగా వేడినీళ్లు పోసి, ఒంపి, తుడిచి, ఆ తరువాత వడ్డిస్తే కూర ఎక్కువసేపు చల్లారదు.

కూర్చోగానే "ఉప్పు తగ్గిందేమో, ముక్క ఉడకలేదేమో, అన్నం మెత్తబడింది" అని వరుసగా తప్పులు చెప్పుకుంటూ పోవడం చాలామంది గృహస్థులకు అలవాటు. ఇది వినయంగా కనిపించినా, విన్నవారు ప్రతిసారీ "అబ్బే, బాగుంది" అని ఓదార్చవలసి వస్తుంది, మాట వంట చుట్టూనే తిరుగుతుంది. నిజంగా ఉప్పు తగ్గితే ఉప్పు గిన్నె ముందుకు జరిపి ఊరుకోండి. అదే విధంగా, వద్దన్నవారి పళ్లెంలో కొసరి కొసరి వేయడం కూడా మానుకోవాలి, "ఇంకొంచెం వేయనా?" అని ఒకసారి అడిగి, గిన్నె వారికి అందేచోట ఉంచితే చాలు.

మిగిలినవి

అందరూ ముగించిన వెంటనే లేచి గిన్నెలు ఎత్తేస్తే కూర్చున్నవారికి వెళ్లిపొమ్మన్నట్టు ఉంటుంది. ఆహారం ఉన్న గిన్నెలను మాత్రం లోపలికి తీసుకువెళ్లి, రెండు గంటల నియమాన్ని గుర్తుంచుకొని, చిన్న డబ్బాల్లోకి సర్ది ఫ్రిజ్‌లో పెట్టేయాలి. ఖాళీ పళ్లేలు తెల్లవారేదాకా నీళ్లలో నానినా నష్టం లేదు. అతిథులకు ఇచ్చి పంపాలనుకుంటే తిరిగి అడగనక్కరలేని పాత డబ్బాలు నాలుగైదు ముందే పక్కన పెట్టుకోండి. దూర ప్రయాణం ఉన్నవారికి వండిన ఆహారానికి బదులు పండ్లో పొడి తీపో ఇవ్వడం మేలు. ఫ్రిజ్‌లో పెట్టినవి మూడు నాలుగు రోజుల్లో తినేయాలి, తిన్నంత మేరకే వేడి చేసుకోవాలి.

పడుకునే ముందు ఒక పుస్తకంలో నాలుగు వరుసలు రాసుకోండి: ఎవరు వచ్చారు, ఎవరికి ఏది పడదు, ఎన్ని గ్రాముల బియ్యం వండితే ఎంత మిగిలింది, ఏ గిన్నె మొదట ఖాళీ అయింది, పొయ్యి దగ్గర పని ఎన్ని గంటలకు ముగిసింది. తరువాతి పిలుపు నాటికి పరిమాణాల లెక్క దీని నుంచే తీసుకోవచ్చు, పైన ఇచ్చిన గ్రాముల లెక్కకు బదులు మీ ఇంటికి సరిపడే లెక్క మీకే తయారవుతుంది.